చిట్టీ మునిగిన కథను మట్టిలో వ్యంగ్యంగా చెప్పవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంత వరకు ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో సెరామిక్స్, అంటే మట్టి, పింగాణీ కళ, చదువుతున్నారు. మీ ఊరిలో రిజిస్ట్రేషన్ లేకుండా నడిచిన ఒక చిట్టీల వ్యాపారం మూతబడి, మీ అమ్మగారు బియ్యం డబ్బాలో దాచి నెలనెలా కట్టిన సొమ్ముతో పాటు వీధిలో చాలా ఇళ్ల సొమ్ము పోయింది. దాని మీద వ్యంగ్యంగా ఒక వరుస పనులు చేయాలని మీ కోరిక. మట్టి ఇంత నెమ్మదైన మాధ్యమం కదా, దానికంటే ఒక కార్టూన్ వేస్తే సరిపోదా అని అడిగారు. ఇంతకు ముందు ఎవరైనా చేశారా అని అడిగారు. నష్టపోయినవారిని ఎగతాళి చేసినట్టు కాకుండా ఎలా చేయాలి అన్నది మీ చివరి ప్రశ్న. అన్నింటిలోకీ ముఖ్యమైనది కూడా అదే.

సూటిగా చెబుతాను: చేయవచ్చు. పైగా అప్పు, పొదుపు, చిట్టీ వంటి విషయాలకు మట్టి కంటే తగిన మాధ్యమం నాకు తెలియదు. డబ్బు పోయేది లెక్కల పుస్తకంలోనే అయినా ఆ లోటు ముందుగా తెలిసేది వంటింట్లో, మట్టి పాత్ర ఉండేదీ అక్కడే. అయితే ఒక నియమం పాటించాలి. ముందు వస్తువును ఎంచుకోండి, ఆ తరువాతే దాని మీద బొమ్మ సంగతి ఆలోచించండి. పత్రికలో వేయదగిన కార్టూన్‌ను తెచ్చి పళ్లెం మీద అతికిస్తే అది ఆలస్యంగా వచ్చిన కార్టూన్ మాత్రమే అవుతుంది. పళ్లెం ముందు పళ్లెంగా, జాడీ ముందు జాడీగా మర్యాదగా నిలబడాలి. చూసినవారికి దానిని ఇంటికి తీసుకువెళ్లాలని అనిపించాలి. చేతిలోకి తీసుకుని తిప్పి చూసిన తరువాతనే అందులోని మాట తగలాలి.

మన అలంకారశాస్త్రంలో వ్యంగ్యం అన్న మాటకు అసలు అర్థం ఇదే. పైకి చెప్పినది వాచ్యం, చెప్పకుండా స్ఫురింపజేసినది వ్యంగ్యం. వెటకారం మాటను పైకి విసురుతుంది, వ్యంగ్యం దానిని లోపల దాచి పెడుతుంది. లోపల దాచడానికి కుండ కంటే తగిన ఆకారం ఏముంది? నేను 26 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, అందులో పదకొండేళ్లు విద్యార్థులకు నేర్పాను. ఈ ఒక్క తేడా అర్థమైనవారి పనులే నిలబడడం చూశాను.

ఎవరైనా చేశారా అన్న ప్రశ్నకు జవాబు మూడు వందల ఏళ్ల వెనుక మొదలవుతుంది. 1720లో పారిస్‌లో జాన్ లా నడిపిన మిసిసిపీ కంపెనీ షేర్లు, లండన్‌లో సౌత్ సీ కంపెనీ షేర్లు విపరీతంగా పెరిగి కుప్పకూలాయి. సౌత్ సీ షేరు ఆ జనవరిలో సుమారు 128 పౌండ్లు పలికింది, వేసవిలో వెయ్యి పౌండ్ల దరిదాపులకు వెళ్లింది, ఏడాది చివరికి మళ్లీ మొదలైన చోటికి దిగింది. ఆ జ్వరం డచ్చి పట్టణాలకు కూడా పాకి, రోటర్‌డామ్, డెల్ఫ్ట్, యూట్రెక్ట్ వంటి ఊళ్ల పేర్లతో కంపెనీలు లేచాయి. చేతిలో సరుకు లేకుండా కాగితాల మీద సాగిన ఈ బేరాలకు డచ్చివారు పెట్టిన పేరు ‘విండ్‌హాండెల్’, అంటే గాలి వ్యాపారం.

ఆ గాలి వ్యాపారం మీద పింగాణీ పళ్లేలు వచ్చాయి. వాటిని చేసింది యూరప్‌లో కాదు, చైనాలో, డచ్చి కొనుగోలుదారుల కోసం. ఆకుపచ్చ, ఎరుపు, బంగారు రంగులతో చక్కని అంచు ఉంటుంది. మధ్యలో ఇటాలియన్ హాస్య నాటకాలలోని హార్లెక్విన్ వంటి విదూషకుడు ఆడుతూ కనిపిస్తాడు. అతని పక్కన డచ్చిలో ఒక చిన్న వాక్యం ఉంటుంది. ఒక పళ్లెం మీద ‘అయ్యో దేవుడా, నా షేర్లన్నీ పోయాయి’ అని, మరొకదాని మీద ‘షేర్ల పిచ్చివాళ్లారా, పొండి’ అని రాసి ఉంటుంది. ఇంకొకటి షేర్లను, గాలి వ్యాపారాన్ని కలిపి మలంతో పోల్చి తిడుతుంది. ఆ మాటను భోజనం పెట్టే పళ్లెం మీద రాయడంలో ఎంత చేదు ఉందో గమనించండి. డచ్చి రాని చిత్రకారులు ఆ అక్షరాలను కూడా పూల తీగల్లాగే జాగ్రత్తగా దిద్దారు.

మీ మొదటి సందేహానికి, అంటే మట్టి నెమ్మదితనానికి, ఈ పళ్లేలే జవాబు. యూరప్ నుంచి చైనాకు ఒక నమూనా పంపి, సరుకు తయారై తిరిగి రావడానికి ఆ రోజుల్లో దాదాపు రెండేళ్లు పట్టేది. పళ్లేలు చేరే సరికి కంపెనీలు మునిగిపోయాయి, వ్యాజ్యాలు నడుస్తున్నాయి, పత్రికల వేడి చల్లారింది. అయినా జనం డబ్బు పెట్టి వాటిని కొన్నారు. పత్రికలోని కార్టూన్ ఆ రోజు ఉదయానికి పుట్టి సాయంత్రానికి పొట్లం అవుతుంది. పళ్లెం బీరువాలోకి వెళుతుంది, పండుగకు బయటికి వస్తుంది, అన్నం అయిపోయిన తరువాత అడుగున ఉన్న వాక్యం మళ్లీ కనబడుతుంది, పిల్లలు ఇదేమిటని అడుగుతారు. సంక్షోభాన్ని జనం చాలా త్వరగా మరిచిపోతారు, అందుకే అది అదే రూపంలో మళ్లీ వస్తుంది. కాబట్టి ఈ విషయానికి ఆలస్యంగా వచ్చి చాలాకాలం ఉండే వస్తువు అవసరం.

అయితే ఈ పళ్లేలను నేను పూర్తిగా మెచ్చుకోలేను. అవి ఎవరిని చూసి నవ్వుతున్నాయో చూడండి. కంపెనీలను లేపినవారిని చూసి నవ్వవు. షేర్లు కొని మోసపోయినవారిని చూసి నవ్వుతాయి. ఆ పళ్లేలలో తిన్నవారూ, షేర్లలో పోగొట్టుకున్నవారూ దాదాపు ఒకే సంపన్న వర్గం కాబట్టి అక్కడ అది తమను తాము మందలించుకోవడంగా చెల్లుతుంది. మీ వీధిలో అది చెల్లదు. నెలకు రెండు వేలు కట్టిన మీ అమ్మగారి స్థానంలో విదూషకుడిని కూర్చోబెడితే అది క్రూరత్వం అవుతుంది. పాత నమూనాలను చూడండి, కానీ వాటి చూపును అరువు తెచ్చుకోకండి.

ఇంకొక వస్తువు గురించి చెప్పాలి, అది వ్యంగ్యం కోసం చేసినది కాకపోయినా. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీలో లోహం కొరత వచ్చినప్పుడు, 1920, 1921 ప్రాంతంలో, సాక్సనీలోని మైసెన్ పింగాణీ కర్మాగారం ఎర్రటి గోధుమ రంగు స్టోన్‌వేర్‌తో, అంటే రాయిలా గట్టిగా కాల్చిన మట్టితో, నాణేలు చేసింది. డబ్బే మట్టి అయిన సందర్భం అది. ఆ తరువాత 1923 నవంబరు నాటికి ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు ఇవ్వవలసి వచ్చింది. పాత నాణేలు అమ్మే ఒక వ్యాపారి దగ్గర కొన్న అటువంటి నాణెం ఒకటి నా దగ్గర ఉంది. దానిని విద్యార్థుల చేతిలో పెట్టి బల్ల మీద వేయమంటాను. లోహంలా మోగదు, కానీ గట్టి కుండను వేలితో తట్టినప్పటి స్వరం వస్తుంది. ఆ దేశపు కాగితపు మార్కు విలువ సున్నా అయిపోయింది, నిప్పులో కాలిన ఈ బిళ్ల వందేళ్ల తరువాత కూడా చెక్కు చెదరలేదు. ఎవరూ హాస్యమాడకుండానే ఆ వస్తువులోంచి వ్యంగ్యం పుడుతుంది. మట్టికి ఉన్న ఈ శక్తిని ముందు గుర్తించండి. దాని మీద మీరు కలపవలసినది చాలా కొంచెమే ఉంటుంది.

అదే కాలంలో రష్యాలోని పెట్రోగ్రాడ్‌లో (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్), పూర్వం జార్ చక్రవర్తిదైన పింగాణీ కర్మాగారంలో, పాత పాలనలో మిగిలిపోయిన తెల్లని పళ్లేల మీద విప్లవ నినాదాలు రాశారు. మిహాయిల్ అదమోవిచ్ చిత్రించిన ఒక ప్రసిద్ధమైన పళ్లెం మీద లెనిన్ ముఖం, రేషన్ కార్డుల ముక్కలు, ‘పని చేయనివాడు తినడు’ అన్న వాక్యం ఉంటాయి. దేశం కరువులో ఉన్న రోజులవి. రంగుల కూర్పులో అది గొప్ప పని, కానీ అది వ్యంగ్యం కాదు, నినాదం. నినాదం చూసేవారికి ఏమి చేయాలో చెప్పి పంపుతుంది. మీరు మొదటి నమూనాల ఫొటోలు జతచేశారు కదా, వాటిలో రెండు నినాదాలే అని నా అభిప్రాయం. ‘దొంగల రాజ్యం’ అని రాసిన పళ్లెం చదివిన వెంటనే అయిపోతుంది.

ఇక మన కాలానికి వద్దాం. 2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభం ఇంగ్లండ్‌లోని కుండల పట్టణాన్నే నేరుగా కొట్టింది. స్టోక్ ఆన్ ట్రెంట్‌లో 18వ శతాబ్దం నుంచి నడుస్తున్న స్పోడ్ కర్మాగారం 2008 నవంబరులో దివాలా నిర్వహణలోకి వెళ్లింది. 2009 జనవరిలో వెడ్జ్‌వుడ్ పింగాణీ చేసే వాటర్‌ఫర్డ్ వెడ్జ్‌వుడ్ సంస్థ కూడా అదే దారి పట్టింది. స్పోడ్ అంటే నీలం తెలుపు అచ్చు బొమ్మల పళ్లేలకు పెట్టింది పేరు: చెట్లు, వంతెనలు, కోటలు, ప్రశాంతమైన పల్లె దృశ్యాలు. పాల్ స్కాట్ అనే కళాకారుడు ఎంతో కాలంగా ఆ నీలి బొమ్మల భాషలోనే పని చేస్తున్నారు. దూరం నుంచి చూస్తే మామూలు పాత పళ్లెం, దగ్గరికి వస్తే ఆ పల్లె దృశ్యంలో నేటి లోకం కనబడుతుంది. స్పోడ్ మూతపడినప్పుడు ఆయన ఆ మూతపడిన కర్మాగారాన్నే విషయంగా తీసుకుని పనులు చేశారు. కర్మాగారం తన చావు వార్తను తన సొంత చేతిరాతలో రాసుకున్నట్టుగా ఉంటుంది ఆ ఆలోచన.

అదే ప్రాంతం నుంచి వచ్చిన నీల్ బ్రౌన్స్‌వర్డ్ యువకుడిగా వెడ్జ్‌వుడ్‌లో పని నేర్చుకున్నవారు. ఆయన ‘నేషనల్ ట్రెజర్’ అనే పనిలో, పింగాణీ మీద బొమ్మలు దిద్దడంలో ఆరితేరిన ఒక చిత్రకారుడి చేత పారేసిన పళ్లేల వెనుకవైపున శిథిలమైన కర్మాగారాల దృశ్యాలు వేయించారు. వెనుకవైపు అన్నది ముఖ్యం. పళ్లెం వెనుక ఉండేది కంపెనీ ముద్ర. మంచి పళ్లెమా కాదా అని తెలియాలంటే అందరూ తిప్పి చూసేది అక్కడే. ఆ అలవాటును ఆయన వాడుకున్నారు. మీరు కూడా జనం ఒక వస్తువును ఎలా పట్టుకుంటారో, ఎక్కడ తట్టి చూస్తారో, ఎక్కడ కడుగుతారో వారం రోజులు గమనించి రాసుకోండి. మాటను దాచవలసిన చోటు దానితోనే తెలుస్తుంది.

గ్రేసన్ పెర్రీ పేరు మీరే ప్రస్తావించారు. 1960లో పుట్టిన ఆయన 2003లో బ్రిటన్‌లోని ప్రసిద్ధ కళా పురస్కారం టర్నర్ బహుమతి అందుకున్నారు. మట్టి తాళ్లను చుట్టి పెద్ద కూజాలు కట్టి, రంగు మట్టిపూత మీద గీరి, ఫొటోలను అద్ది, బంగారు మెరుపు వేస్తారు. మొదటి చూపుకు అవి ధనికుల హాలులో ఉండవలసిన అలంకార వస్తువులు. ఆయన పనులలో ఆర్థిక విషయానికి నేరుగా సంబంధించినవి రెండు చెప్పుకోవచ్చు. 2016లో లండన్ ఆర్థిక కేంద్రంలోని మగ అహంకారం మీద చేసిన ‘ఆబ్జెక్ట్ ఇన్ ఫోర్‌గ్రౌండ్’ పురుషాంగం ఆకారంలో నిలబెట్టిన సెరామిక్ శిల్పం. దాని నిండా నోట్లు, అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బర్న్ ముఖం ఉంటాయి. 2017లో చేసిన ‘లాంగ్ పిగ్’ రెండు తలల పంది రూపంలో ఉన్న హుండీ. దానికి నాణేలు వేసే చీలికలు చాలా ఉంటాయి, వాటికి సమాజంలోని వేర్వేరు వర్గాల పేర్లు ఉంటాయి. మొదటిది గట్టిగా అరుస్తుంది. రెండవది నా దృష్టిలో చాలా మేలైన పని, ఎందుకంటే నాణెం వేయబోయే మనిషి చేయి ఒక్క క్షణం గాలిలో ఆగుతుంది: తాను ఏ చీలికకు చెందుతాడు? చూసేవారిని సాక్షి స్థానం నుంచి లెక్కలోకి లాగింది అది.

నా సొంత అనుభవంలో తప్పు ముందు చెబుతాను. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల వసూళ్లను నియంత్రిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. పల్లెల్లో మహిళా సంఘాల వార వాయిదాలు, ఒక అప్పు తీర్చడానికి మరొక అప్పు, వాటి వెనుక ఆత్మహత్యలు అన్నీ పత్రికల్లో వస్తున్న రోజులవి. నేను కోపంతో పది పెద్ద పళ్లేలు చేశాను. కోరలు, కొమ్ములు ఉన్న వసూలుదారు ఇంటిని మింగుతున్న బొమ్మలు వాటి మీద వేశాను. ప్రదర్శనకు ఒక సంఘంలో సభ్యురాలైన స్త్రీ వచ్చి, చాలాసేపు చూసి నాతో అన్నది: “మా తాన వచ్చేటోడు ఇట్ల లేకుండె సారూ. మంచిగ మాట్లాడేది. అక్కా, జర చాయ్ పొయ్యి అని అరుగు మీద కూసునేది.” ఆ మాటతో నా పది పళ్లేలూ అబద్ధమైపోయాయి. నేను ఒక సంఘటనను కాదు, నా కోపాన్ని మాత్రమే చిత్రించాను.

మరుసటి ఏడాది కప్పులు, సాసర్లు చేశాను, పన్నెండు జతలు. తెల్లని గ్లేజ్ (కాలిన తరువాత గాజులా మెరిసే పూత), పలచని అంచు, ఎవరి ఇంట్లోనైనా అతిథికి ఇవ్వదగిన కప్పులు. సాసరు అంచున చుట్టూ చిన్న గడులు ఉంటాయి, చూడడానికి చీర అంచులాగా. అవి సరిగ్గా యాభై, ఎందుకంటే ఆ అప్పులు సాధారణంగా యాభై వారాల వాయిదాలలో తీర్చవలసినవి. కొన్ని గడులు బంగారు పూతతో నిండి ఉంటాయి, మిగతావి ఖాళీగా ఉంటాయి, ఒక్కో సాసరుకు ఒక్కో లెక్క. కప్పు లోపల అడుగున, చాయ్ తాగితే తప్ప కనబడకుండా, చిన్న అక్షరాలలో ‘మళ్లీ మంగళవారం’ అని రాశాను. ప్రదర్శనలో వాటిలోనే చాయ్ పోసి ఇచ్చాము. ఆ స్త్రీ మళ్లీ వచ్చింది. కప్పు ఖాళీ చేసి, అడుగు చూసి, సాసరును తిప్పుతూ వేలితో గడులు లెక్కపెట్టింది. ముప్పై ఒకటి దగ్గర ఆగి, “నాది ఈడ ఆగింది” అన్నది. నేను ఆమెకు ఏమీ వివరించవలసిన అవసరం రాలేదు.

కాబట్టి మీ చివరి ప్రశ్నకు నా జవాబు: మనుషుల ముఖాలను వదిలి, పద్ధతిని చూపించండి. చిట్టీలో మోసం నడిచిన తీరు ఏమిటి? పాట ఎలా జరిగేది, మొదటి నెలల్లో చిట్టీ ఎత్తుకున్నవారు ఎవరు, వారిని చూపించి ఎంతమందిని చేర్చారు, రసీదు ఏ రంగు కాగితం మీద ఇచ్చేవారు, ఆఖరి నెలల్లో ఏ సాకులు చెప్పారు? మీ అమ్మగారినీ ఆమె స్నేహితురాళ్లనూ కూర్చోబెట్టి ఇవన్నీ అడిగి రాసుకోండి. ఆ వివరాలలో దొరికేంత పదునైన వ్యంగ్యం మనం కల్పించలేము. నష్టపోయినవారి నమ్మకం హాస్యాస్పదం కాదు. ఆ నమ్మకాన్ని వస్తువుగా మార్చి అమ్మిన ఏర్పాటు హాస్యాస్పదం. మీ పని పూర్తయ్యాక మొదట వారికే చూపించండి. వారిలో ఒక్కరికి తమను చూసి నవ్వుతున్నట్టు అనిపించినా ఆ ముక్కను పక్కన పెట్టండి, అది ఎంత అందంగా వచ్చినా సరే.

మరొక రకమైన తప్పు కూడా చేశాను. 2016 నవంబరు 8న 500, 1,000 రూపాయల నోట్లు రద్దయిన తరువాత, అడుగు లేని గల్లగురిగిలు, అంటే డబ్బులు దాచే మట్టి హుండీలు, అరవై చేశాను. పైన వేసిన నాణెం కింద నుంచి పడిపోతుంది. అన్నీ రెండు వారాలలో అమ్ముడుపోయాయి. అయినా దానిని నేను మంచి పనిగా లెక్కించను. చూసినవారు ఒక్కసారి నవ్వి అక్కడ పెట్టేశారు. రెండవసారి చూడడానికి అందులో ఏమీ లేదు. బ్యాంకు ముందు వరుసలో నిలబడిన మనిషి గురించి ఆ గురిగికి ఏమీ తెలియదు. అమ్ముడుపోవడం వేరు, నిలవడం వేరు. మీ ఆలోచన ఒక్క వాక్యంలో చెప్పగానే పూర్తిగా అర్థమైపోతే, దానిని మట్టిలో చేయడానికి ముందు ఇంకొంచెం కాలం ఆగండి.

ఇటువంటి పనులను చివరికి కొనేది చాలాసార్లు డబ్బున్నవారే అన్న బాధ మీకు కూడా కలుగుతుంది. నా కప్పులలో రెండు జతలను ఒక ఆర్థిక సంస్థ అధికారి కొన్నారు. అమ్మాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. అమ్మాను, ఎందుకంటే ఆ వాక్యం ఎవరి ఇంట్లో ఉండాలో వారి ఇంట్లోకే వెళుతోంది. కానీ వరుస మొత్తాన్ని ఎప్పుడూ ఒకరికే అమ్మకండి, కనీసం ఒక జతను ఆ కథ ఎవరిదో వారికి ఇవ్వండి.

పనితనం గురించి కొన్ని మాటలు. తెలుగు అక్షరాలను గ్లేజ్ కింద చిన్నగా రాస్తే వత్తులు, గుడులు నిండిపోయి చదవడానికి వీలుండదు. మట్టి ఆరి కాలే సరికి పది, పన్నెండు శాతం కుంచించుకుపోతుంది, దానికి తోడు గ్లేజ్ కరిగి పారుతుంది. పచ్చి మట్టి మీద అక్షరం కనీసం ఆరు మిల్లీమీటర్లు ఉండేటట్టు చూడండి, గీరడం మట్టి తోలులా గట్టిపడిన దశలో చేయండి. రసీదులు, పాసుపుస్తకం పేజీల వంటివి అద్దాలనుకుంటే ఇనుము ఉన్న టోనర్‌తో నలుపు తెలుపు లేజర్ ప్రింటు తీసిన డెకాల్ కాగితం (బొమ్మను పాత్ర మీదికి అద్దే కాగితం) వాడండి. కాలిన తరువాత అది పాత కాగితం మరకలాంటి గోధుమ రంగుకు వస్తుంది, ఈ విషయానికి అంతకంటే తగిన రంగు లేదు. రంగుల డెకాల్ అయితే 780 నుంచి 820 డిగ్రీల మధ్య కాల్చండి. ఎరుపులు వేడి ఎక్కువైతే మాడిపోతాయి. బంగారు పూతను, గ్లేజ్ పైన వేసే రంగులను ఆహారం తగిలే చోట వేయకండి.

చట్టం విషయంలో అజాగ్రత్త వద్దు. కరెన్సీ నోటును పోలిన ప్రతిరూపాలు చేయడం భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్ ప్రకారం నేరం, కళ కోసమే చేసినా సరే. నోటును గుర్తుకు తెచ్చే రంగు చాలు, నోటు బొమ్మ అక్కరలేదు. మీ ఊరి చిట్టీల వ్యాపారం మీద కేసు నడుస్తున్నది కాబట్టి దాని పేరు, నిర్వాహకుల పేర్లు, ముఖాలు ఎక్కడా రాకూడదు. పాసుపుస్తకం పేజీలు వాడితే ఇరుగుపొరుగు వారి పేర్లు, నంబర్లు తీసేయండి. ప్రదర్శనకు ముందు ఒక న్యాయవాదికి ఫొటోలు చూపించండి.

మీరు ఏ వస్తువుతో మొదలుపెట్టాలని అడగలేదు, అయినా నాకు తోచినది చెబుతాను. జాడీలు చేయండి. పైన గోధుమ రంగు, కింద తెల్లని పాల రంగు ఉన్న మామూలు ఆవకాయ జాడీలు, తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసినవి. ఏడాది పొడవునా తినడానికి దాచుకునేది నిల్వ పచ్చడి. మీ అమ్మగారి పాసుపుస్తకంలో ప్రతి వరుస చివర రాసి ఉన్న మాట కూడా ‘నిల్వ’ అనే మీరే రాశారు. ఆమె కట్టిన ఒక్కో సంవత్సరానికి ఒక్కో జాడీ, జాడీ పొట్ట మీద ఆ ఒక్క మాట, ఆ ఏడాది చివరి అంకె. ఇంతకు మించి ఏమీ రాయకండి. జాడీ, మూత రెండూ ఒకే మట్టితో ఒకే రోజు చేసి, మూత పెట్టి ఉంచే ఆరబెట్టండి, లేకపోతే వేర్వేరుగా వంకరపోయి ఒకదానిపై ఒకటి కూర్చోవు. కొలిమిలో పెట్టే ముందు మూత ఆనే అంచు మీద గ్లేజ్‌ను తడి స్పాంజితో పూర్తిగా తుడవండి. గ్లేజ్ మిగిలితే మూత జాడీకి అతుక్కుపోయి ఇక ఎవరు లాగినా తెరుచుకోదు. వరుసలో ఒక్క జాడీకి మాత్రం ఆ గ్లేజ్‌ను తుడవకుండా వదిలేయండి. అది ఏ సంవత్సరానిదో మీ అమ్మగారిని అడగండి.